నీళ్ళు పడని బిడ్డ

గోతులు తవ్వే కాస్పర్ మధ్యాహ్నం గంట కొట్టకముందే పార భుజాన వేసుకుని తిరిగొచ్చాడు. పారకు మన్ను అంటలేదు. గుమ్మంలోకి రాకుండా చూరు కిందే నిలబడి, టోపీ తీసి, ఆ టోపీలోకే చూస్తూ మాట్లాడాడు.

"తవ్వలేదు బెండిక్ట్. తవ్వొద్దన్నారు."

బెండిక్ట్ చేతిలో సుత్తి ఉంది. పొద్దుటి నుంచీ పెట్టె చేస్తున్నాడు. గోడలు కట్టే చెయ్యి అతనిది, చెక్కపని అంతగా రాదు. చిన్న పెట్టె కావడంతో మూలలు కుదరక, కొట్టిన మేకులే పీకి మళ్ళీ కొడుతున్నాడు.

"ఎవరు వద్దన్నారు?"

"గోడ లోపల కుదరదంట. బయట, ఆ దురదగొండి పొదల పక్కన ఎక్కడైనా..."

"ఎవరని అడుగుతున్నా. ఆ పిండిమర రూడిగాడా?"

కాస్పర్ టోపీని ఒక చుట్టు తిప్పాడు. "అయ్యగారే అన్నారు."

లోపల మంచం మీద వెరేనా ఒళ్ళో బిడ్డను పెట్టుకుని కూర్చుని ఉంది. తెల్లవారుజామున పుట్టి, తెల్లవారేలోపే పోయిన ఆడపిల్ల. తన చేత్తో వడికిన నారబట్టలోనే చుట్టింది.

"ఏ అయ్యగారు?" అంది.

అడగాల్సిన ప్రశ్న కాదు. ఊళ్ళో ఉన్నది ఒక్క అయ్యగారే.

"బాప్తిస్మం నీళ్ళు పడలేదుగా వదినా," అన్నాడు కాస్పర్, తప్పంతా తనదే అయినట్టు. "పట్నం వాళ్ళ కొత్త ఆజ్ఞంట. నీళ్ళు పడని బిడ్డకి లోపల చోటు లేదంట. నాదేముంది, తవ్వమంటే తవ్వుతా, వద్దంటే మానతా."

వెరేనా నమ్మలేదు. రూడి ఏదో వాగి ఉంటాడు, దాన్ని కాస్పర్ అయ్యగారి నోట్లో పెట్టి ఉంటాడు అనుకుంది. ఎందుకంటే ఈ బిడ్డకు నీళ్ళు పడకపోవడానికి కారణమే ఆ అయ్యగారు.

ఆమె తొలిచూలు కొడుకు ఈ లోకంలోకి రావడమే ఊపిరి లేకుండా వచ్చాడు. అప్పుడింకా పాత మతం, పాత గురువు. నీళ్ళు పడని బిడ్డకు పరలోకం లేదు, నరకమూ లేదు, చీకట్లో ఏ మూలో కళ్ళు తెరవకుండా పడి ఉంటాడని ఆ గురువు చెప్పేవాడు. అందుకని బిడ్డను కొండ మీది మరియతల్లి గుడికి మోసుకెళ్ళారు. చచ్చి పుట్టిన పిల్లల్ని ఎక్కడెక్కడి ఊళ్ళ నుంచో అక్కడికే తెచ్చేవారు. గుడిలో ఆడవాళ్ళు బిడ్డను నిప్పుల కుంపట్ల మధ్య పడుకోబెట్టి, చుట్టూ మైనపు వత్తులు వెలిగించి, పెదవుల మీద ఈక పెట్టేవారు. ఈక కదిలిందా, ప్రాణం వచ్చిందని కేక వేసేవారు. ఆ కేక ఆగకముందే నీళ్ళు పోసి, పేరు పెట్టి, మళ్ళీ పోయాడని చెప్పి గుడి వెనక పచ్చికలో పాతేవారు. మైనానికీ, బొగ్గులకీ, ఆడవాళ్ళ చేతులకీ కలిపి వెరేనా వాళ్ళ పాడిమేక పోయింది. "కదిలింది కదమ్మా?" అని వాళ్ళు అడిగితే వెరేనా తల ఊపింది. ఆ ఈకను పట్టుకునే ఆమె ఆరేళ్ళు బతికింది.

తర్వాత ఓస్వాల్ట్ వచ్చాడు, ఇప్పటి అయ్యగారు. మఠంలో పెరిగి, గ్రంథాన్ని తనంతట తాను చదువుకుని, ఇక ఉండలేక బయటపడ్డ మనిషి. పాపాలకు క్షమాపణ చీటీలు అమ్మడం దోపిడీ అన్నాడు. గురువులకు పెళ్ళి వద్దని దేవుడు ఎక్కడా చెప్పలేదన్నాడు. మనిషికీ దేవుడికీ నడుమ సుంకం వసూలు చేసేవాడు ఉండకూడదన్నాడు. బిషప్పు మనుషులు అతని కోసం గుర్రాల మీద తిరుగుతుంటే బెండిక్ట్ తన మేకలపాక అటక మీద గడ్డిలో దాచాడు. దొరికితే అతనికీ వీళ్ళకీ ఒకటే కట్టె, ఒకటే నిప్పు. వెరేనా పోసిన ఓట్స్ జావ తాగి గిన్నె వేలితో తుడిచి నాకేవాడు. సాయంత్రాలు కిందికి దిగి, వాళ్ళ సొంత భాషలో దేవుడి మాట చదివి వినిపించేవాడు. దేవుడు తమలాగే మాట్లాడతాడని బెండిక్ట్‌కు అప్పుడే తెలిసింది. చాలా రోజులు దాన్ని తల్చుకుని నవ్వుకునేవాడు.

ఒక సాయంత్రం వెరేనా అతనికి ఈక సంగతి చెప్పింది. ఓస్వాల్ట్ నవ్వలేదు. పొయ్యి దగ్గరికెళ్ళి రెండు వైపులా నిప్పులు లాగి, నడుమ ఒక రాయి పెట్టి, ఆ రాయి మీద బాతు ఈక ఉంచాడు. కాసేపటికి ఈక అంచు లేచింది, వణికింది. వెరేనా దాని వంక చూసి, రాయి వంక చూసి, గొంతు పగిలేలా ఏడ్చింది. అతనూ ఏడ్చాడు.

"నీ కొడుక్కి ఈక అక్కర్లేదు వెరేనా," అన్నాడు. "నువ్వు కనకముందే వాడు దేవుడి ఒళ్ళో ఉన్నాడు. దేవుడి చెయ్యి నీళ్ళ చెంబు కంటే పొడుగు. చెంబు అందలేదని బిడ్డని చీకట్లో పారేసేవాడు దేవుడు కాదు, కసాయివాడు."

ఆ రాత్రి వెరేనా కంటినిండా నిద్రపోయింది. అన్నేళ్ళలో అదే మొదటి నిద్ర.

రోజులు మారాయి. పట్నం సభ కొత్త మతం వైపు తిరిగింది. ఓస్వాల్ట్ అటక దిగి ప్రసంగపీఠం ఎక్కాడు. కొండ మీది గుడి కూలగొట్టమని ఆజ్ఞ రాగానే అందరికంటే ముందు గడ్డపార పట్టింది బెండిక్ట్, ఓస్వాల్ట్‌తో కలిసి రాళ్ళు తట్టలో మోసింది వెరేనా. ఆ రాళ్ళతోనే ఊరి శ్మశానానికి గోడ కట్టారు. కట్టింది బెండిక్టే, రోజుకు రెండు బాట్జెన్ నాణేల కూలికి. కొండ మీది పచ్చికను సభవారు వేలం వేస్తే మర యజమాని రూడి చవగ్గా కొట్టేశాడు. ఇప్పుడు వెరేనా కొడుకు మీద రూడి ఆవులు మేస్తున్నాయి. అప్పుడు కూడా ఓస్వాల్ట్ ఓదార్చాడు. భూమంతా దేవుడిదే, ఒక మూల పవిత్రం ఇంకో మూల అపవిత్రం అన్నది మనుషులు గీసిన గీత, ఆవులు తిరిగితే నీ కొడుక్కేం లోటు అన్నాడు. నిజమే అనుకుంది. దేవుడి భూమి రూడికి మాత్రమే అంత చవగ్గా ఎలా దొరికిందని ఆమెకు తోచలేదు. నమ్మకం ఉన్న మనిషికి అలాంటివి తోచవు.

మళ్ళీ కడుపు పండేసరికి ఆమెకు వయసు మళ్ళింది. నిన్న మాపటి నుంచి నొప్పులు పడి, కోడి కూసే వేళకు కన్నది. బిడ్డ నీలంగా ఉంది. పిల్లి కూనలా సన్నగా మూలిగింది. మంత్రసాని ట్రీని అప్పటికే చెంబు చేతిలోకి తీసుకుంది. ఊళ్ళో సగంమందికి బొడ్డు కోసిన ముసలిది, బిడ్డ ఊపిరి వింటేనే ఎంతసేపు ఉంటుందో చెప్పగలదు.

"ఇది ఆదివారం దాకా ఆగే బిడ్డ కాదే. పోసేస్తా."

వెరేనా మంచం మీంచి చెయ్యి చాచి ట్రీని మణికట్టు పట్టుకుంది.

"వద్దత్తా. అయ్యగారు ఏం చెప్పారు? మంత్రసాని హడావుడిగా నీళ్ళు చిలకరిస్తే అది బాప్తిస్మం కాదు, మంత్రం. మళ్ళీ మనం ఈకల దగ్గరికే పోతున్నాం."

"మీ అయ్యగారి సంగతి నాకు తెలీదనుకున్నావా! పోయినేడు చలికాలం..."

"ఆయన్నేం అనొద్దు."

ట్రీని చెంబు కింద పెట్టేసింది. నీళ్ళు చెంబులోనే ఉండిపోయాయి. వెరేనా బిడ్డను రొమ్మున వేసుకుని, భయం లేకుండా, చివరి ఊపిరి దాకా చూసుకుంది. దుఃఖం వచ్చింది గాని భయం రాలేదు. అదంతా అయ్యగారు పెట్టిన భిక్ష అనుకుంది.

ఇప్పుడు కాస్పర్ పార తళతళా మెరుస్తోంది.

"నేనెళ్ళొస్తా," అని వెరేనా లేచింది.

"నీకేమన్నా మతి పోయిందా? పొద్దున కన్నావు!"

"ఆయనే చెప్పాడుగా, బాలింత చూరు దాటకూడదన్నది ఒట్టి మూఢనమ్మకమని," అంది వెరేనా. బిడ్డను బెండిక్ట్ చేతుల్లో పెట్టి, శాలువా కప్పుకుని, గోడ పట్టుకుంటూ బయల్దేరింది.

అయ్యగారి ఇల్లు చర్చి పక్కనే. తలుపు తీసింది ఆయన భార్య క్లారా. ఒకప్పటి సన్యాసిని. వెరేనాను చూడగానే రెండు చేతులూ పట్టి లాక్కెళ్ళి పొయ్యి పక్క బల్ల మీద కూర్చోబెట్టింది.

"ఇలా వచ్చేశావేంటే! రక్తం ఆగిందా? ఉండు, పాలు కాస్తాను." పాలు కాస్తూనే ఏడుపు మొదలెట్టింది. "ట్రీనిని పొయ్యనివ్వాల్సింది వెరేనా. అలా ఎలా ఉండగలిగావు? మా యోస్ పుట్టినప్పుడు నేను..."

యోస్ కింద కూర్చుని చెక్క ఆవును నేలకేసి కొడుతున్నాడు. బొద్దుగా ఉన్నాడు.

"యోస్ పుట్టినప్పుడు ఏమైంది?"

క్లారా చెయ్యి ఆగింది. "వీడూ నీలంగానే పుట్టాడు కదా. నీకు తెలుసనుకున్నా. ట్రీని చేతిలో చెంబు లాక్కుని ఈయనే పోశారు. చేతులు వణికి సగం నీళ్ళు నా మీదే పడ్డాయి."

క్లారా అందించిన పాలగిన్నె చేతిలో ఉన్నట్టు వెరేనాకు తెలుస్తూనే ఉంది, వేడి మాత్రం తెలియలేదు. నమ్మి నానబోస్తే పుచ్చి బుర్రలయ్యాయని ముసలివాళ్ళు అంటుంటే ఏ పప్పుల గురించో అనుకునేది.

ఓస్వాల్ట్ లోపలి గది నుంచి వచ్చాడు. క్లారా పిల్లాణ్ణి ఎత్తుకుని పక్కకు తప్పుకుంది. అతను వెరేనాకు ఎదురుగా కూర్చున్నాడు గాని ఆమె చేతుల వంకే చూస్తున్నాడు.

"నీకు కబురు చేద్దామనే అనుకుంటున్నా వెరేనా. పట్నం నుంచి ఆజ్ఞ వచ్చింది."

"ఎప్పుడొచ్చింది అయ్యగారూ?"

"మంగళవారం."

"ఇవాళ శుక్రవారం."

"ఆదివారం ప్రసంగం అయ్యాక చదువుదామనుకున్నా. ఇంత తొందరగా నీకు..."

"బుధవారం వెన్నముద్ద పట్టుకుని మా ఇంటికొచ్చారు. నా పొట్ట చూసి ఇవాళో రేపో అన్నది మీరే."

అతను గొంతు తగ్గించాడు.

"కింది ఊళ్ళల్లో తిరుగు బాప్తిస్మం వాళ్ళు పెరిగిపోయారు. పసిబిడ్డలకి నీళ్ళు అక్కర్లేదు, పెద్దయ్యాక వాళ్ళే పోయించుకోవాలంటున్నారు. ఇద్దర్ని మొన్న గోనెలో కట్టి ఏట్లో వేశారు. ఇప్పుడు నీళ్ళు వద్దన్న తల్లి ఎవరైనా వాళ్ళ మనిషి కిందే జమ."

"నేను వాళ్ళ మనిషిని కాదు. మీ మనిషిని."

"నా భయం అదే," అన్నాడు ఓస్వాల్ట్.

అన్న తర్వాత ఆ మాట తనకే చేదుగా తగిలినట్టుంది, లేచి కిటికీ దగ్గరికెళ్ళాడు. అక్కణ్ణించే, అవతలివైపు తిరిగి చెప్పాడు. సాయంత్రం సంఘం పెద్దలు కూర్చుంటారు. బిడ్డకు ట్రీని నీళ్ళు పోసిందని వెరేనా ఒక్క మాట చెబితే చాలు. ట్రీనితో తాను మాట్లాడతాడు. బిడ్డ గోడ లోపల, మంచి చోట, సున్నంరాయి మెట్ల పక్కన పడుకుంటుంది. ఎవరికీ ఏ ఇబ్బందీ రాదు.

"పొయ్యలేదు కదా."

"పోసిందని చెప్పు."

"మంత్రసాని నీళ్ళు మంత్రం అన్నారు. ఇప్పుడు లెక్కలోకి వస్తాయా?"

"వెరేనా, ఇప్పుడు నాతో వాదన పెట్టుకోకు. ఇది చిన్న సంగతి కాదు. నన్ను తీసేస్తే ఈ సంఘానికి దిక్కెవరు? మళ్ళీ ఆ పాతవాళ్ళే వస్తారు. మళ్ళీ చీటీలు, మళ్ళీ కుంపట్లు. ఇంత కష్టపడి నిలబెట్టుకున్నదంతా ఒక్క అబద్ధంతో నిలుస్తుందంటే..."

"ఈక కూడా ఒక్క అబద్ధమే అయ్యగారూ."

ఓస్వాల్ట్ వెనక్కి తిరిగాడు. జుట్టు పలచబడింది, బుగ్గలు నిండాయి. అటక మీద గడ్డిపరకలు అంటుకున్న ఆ ఎముకల మనిషి కోసం వెరేనా ఈ ముఖంలో వెతికింది.

"ఒక్కటి చెప్పండి. నా కూతురు దేవుడి దగ్గర ఉందా?"

"ఉంది," అన్నాడు వెంటనే. ఆ మాట నిజంగానే అన్నాడు.

"మరి యోస్‌కి ఎందుకు పోశారు?"

పక్కగదిలో పిల్లాడు బొమ్మను నేలకేసి కొడుతున్న చప్పుడు వినిపిస్తోంది.

"భయమేసింది," అన్నాడు చివరికి.

"నాకూ వేసేది. మీరు చెప్పారు కదా అని భయపడ్డం మానేశాను."

పాలు తాగకుండానే బల్ల మీద పెట్టి వచ్చేసింది.

ఇంటికొచ్చేసరికి ట్రీని గుమ్మంలో కూర్చుని ఉంది. అయ్యగారి కబురు ఆమెకు అప్పటికే చేరింది. బెండిక్ట్ పెట్టె పూర్తి చేసి, బిడ్డను అందులో పడుకోబెట్టి, మూత వేయకుండా చూస్తూ కూర్చున్నాడు.

"నీకు తెలుసు కదత్తా, యోస్ సంగతి," అంది వెరేనా.

"తెలుసు. పొద్దున చెప్పబోతే నోరు నొక్కావు. నీకాయన మాటంటే దేవుడు దిగొచ్చి చెప్పినట్టే." ట్రీని ముక్కు చీదింది. "ఆ మనిషి ఎప్పుడూ గోడ మీద పిల్లేనే. బిషప్పు బలంగా ఉన్నప్పుడు మీ అటక మీదున్నాడు, సభ బలంగా ఉన్నప్పుడు సభ పక్కనున్నాడు. సర్లే, నేను పోశాననే చెప్తా. నాకు అబద్ధాలు కొత్తేంటి? ఇంకొక్క నొప్పి, అంతేనమ్మా అని ఎంతమందికి చెప్పలేదు."

వెరేనాకు నవ్వు రాబోయి ఏడుపొచ్చింది. బెండిక్ట్ తలెత్తకుండా అన్నాడు.

"ఒప్పుకో వెరేనా. ఒక్క మాటే కదా. మన పిల్లాడి మీద రూడిగాడి ఆవులు పేడ వేస్తున్నాయి. వాడికెలాగూ చోటు లేకుండా పోయింది. దీనికైనా ఉండనీ. నేను కట్టిన గోడ, దాని లోపల నా కూతురు పడుకుంటే చాలు నాకు. ఏరు దాటాక తెప్ప తగలేసినోడు ఆయన. ఆయన పాపం ఆయనది. మనకెందుకు?"

"అది కాదయ్యా," అని ఆగిపోయింది. ఎలా చెప్పాలో తెలియలేదు. పొద్దున ట్రీని చెయ్యి పట్టుకున్నప్పుడు తనకున్న ధైర్యం ఒక్కటే ఈ బిడ్డకు తల్లిగా తాను ఇచ్చింది. నీళ్ళు పోసిందని చెబితే ఆ ఒక్కటీ తీసేసుకున్నట్టే. చెప్పకపోతే దురదగొండి పొదలు, ఆ తర్వాత తన మెడకు ఏమొస్తుందో తెలియదు. రెండూ ఆమెకు స్పష్టంగా కనిపిస్తున్నాయి. బెండిక్ట్ మూత వేసి మేకులు కొట్టాడు.

సాయంత్రం గంట కొట్టాక చర్చిలో పెద్దలు కూర్చున్నారు. పాత బొమ్మలన్నీ తీసేసి గోడలకు సున్నం వేసి చాలాకాలమైంది. పాత బలిపీఠం ఉండే చోట ఇప్పుడు బల్ల ఉంది. బల్ల వెనక నడుమ రూడి, పిండి అంటిన కనుబొమలతో. పట్నానికి ఊరి సంగతులు మోసేది అతనే. ఓస్వాల్ట్ పక్కన నిలబడ్డాడు. బెండిక్ట్ పెట్టెను చంకలో పెట్టుకుని తలుపు దగ్గరే ఆగాడు. విషయం తెలిసి ఊరు సగం వచ్చింది.

ట్రీనిని ముందు పిలిచారు.

"పోశాను," అంది.

"ఏం చెప్పి పోశావ్?" అన్నాడు రూడి.

"ఏం చెప్పాలో అదే చెప్పి పోశా. నీకు పోసినప్పుడు కూడా అదే చెప్పా, అప్పుడు నువ్వు అడగలేదు."

వెనక నవ్వులు లేచాయి. రూడికి నవ్వు రాలేదు. "తల్లి చెప్పాలి," అన్నాడు.

వెరేనా ముందుకొచ్చింది. బల్ల అంచు పట్టుకుంది. రూడి నోరు తెరిచేలోపే ఓస్వాల్ట్ కలగజేసుకున్నాడు. ఆమెకు సాయం చేస్తున్నట్టే మెత్తగా అడిగాడు.

"వెరేనా, బిడ్డ బతికుండగానే మంత్రసాని నీళ్ళు పోసింది కదమ్మా?"

జవాబు కూడా ఆ ప్రశ్నలోనే పెట్టి ఇచ్చాడు. తల ఊపితే చాలు. కొండ మీది గుడిలో కుంపట్ల పక్కన ఆ ఆడవాళ్ళు అడిగింది కూడా సరిగ్గా ఇలాగే. ఆ రోజు తల ఊపింది. ఊపిన పాపానికి ఆరేళ్ళు ఒక ఈకకు ప్రాణం ఉందని నమ్మింది. దాన్నుంచి తనను బయటికి లాగిన మనిషే ఇప్పుడు మళ్ళీ తల ఊపమంటున్నాడు.

"లేదు," అంది.

"వెరేనా..."

"పొయ్యలేదు. ట్రీని పొయ్యబోతే నేనే చెయ్యి పట్టుకుని ఆపాను. దేవుడి చెయ్యి నీళ్ళ చెంబు కంటే పొడుగని అయ్యగారు చెప్పారు. నమ్మాను. ఇప్పటికీ నమ్ముతున్నాను."

రూడి తీరిగ్గా ఓస్వాల్ట్ వైపు తిరిగాడు. ఆ క్షణం కోసమే ఎదురుచూస్తున్నవాడిలా ఉన్నాడు.

"అలా చెప్పారా అయ్యగారూ?"

అవునంటే చాలు. అవును, చెప్పాను, అదే నిజం అనాలి. వెరేనా అతని పెదవుల వైపు చూసింది. ఆ ముఖంలో ఒక్క క్షణం అటక మీది మనిషి కనిపించాడు కూడా.

"నేను చెప్పింది వేరు," అన్నాడు ఓస్వాల్ట్. "ఈమె సరిగ్గా గ్రహించలేదు. చదువురాని మనిషి. పైగా బిడ్డ పోయిన దుఃఖంలో ఉంది."

పొద్దున బిడ్డ ఊపిరి ఆగినప్పుడు కూడా వెరేనాకు ఇంత కడుపుకోత కలగలేదు. బిడ్డను దేవుడు తీసుకున్నాడు. ఇప్పుడు పోయింది దేవుణ్ణి చూపించిన మనిషి.

రూడి తీర్పు చెప్పేశాడు. పొద్దు గుంకేలోపు గోడ బయట పాతాలి. సోమవారం ఈ ఆడమనిషిని పట్నానికి పంపాలి, తిరుగు బాప్తిస్మం వాళ్ళతో పొత్తుందో లేదో వాళ్ళే తేలుస్తారు. వింటున్నవాళ్ళు తలలు వంచుకుని, ఒకరి ముఖం ఒకరు చూడకుండా బయటికి నడిచారు.

వెరేనా బెండిక్ట్ చంకలోంచి పెట్టెను తీసుకుంది. అతను ఇవ్వనన్నా వినలేదు. శ్మశానం గోడ దాకా తానే మోసింది. గోడ ఆమె రొమ్ముల ఎత్తు. రాళ్ళలో ఒకదాని మీద గుడి గుమ్మానికి చెక్కిన పువ్వు సగం ఇంకా కనిపిస్తోంది. పెట్టెను ఎత్తి గోడ మీద పెట్టింది.

కాస్పర్ పారతో వచ్చాడు. "వదినా, పొద్దు పోతోంది. లోపలికా బయటికా, ఏదో ఒకటి తెమల్చు."

"నన్నడక్కు. చెప్పినాయన్నడుగు. అప్పటిదాకా ఇది ఇక్కడే ఉంటుంది."

"దించరా దాన్ని," అన్నాడు రూడి వెనక నుంచి. కాస్పర్ పార మీద గడ్డం ఆనించి, తన చెప్పుల్ని చూసుకుంటూ నిలబడ్డాడు. ఇంకెవరూ కదల్లేదు.

అప్పుడు బెండిక్ట్ నడుముకున్న సుత్తి తీశాడు. ఎవరివైపూ చూడలేదు. పెట్టెకు అవతల, గోడ పైవరస రాయి కింద సున్నం మీద ఒక దెబ్బ వేశాడు. తను కట్టిన గోడ, ఎక్కడ కొడితే వదులవుతుందో అతనికి తెలుసు. రెండో దెబ్బకు రాయి కదిలింది.

"నీ మీద కూడా పట్నానికి రాస్తాను బెండిక్ట్!" అని అరిచాడు రూడి.

"నా పేరు సరిగ్గా రాసుకో. ఈ గోడ కట్టినోణ్ణి నేనే అని కూడా రాసుకో," అన్నాడు బెండిక్ట్, రాయిని రెండు చేతులా ఊడదీస్తూ.

ఓస్వాల్ట్ చర్చి మెట్ల మీద ఉన్నాడు. అంతవరకే రాగలిగాడు. వెరేనా ఆ రాయిని మొగుడి చేతుల్లోంచి తీసుకుని, అడుగు తీసి అడుగు వేస్తూ, మెట్ల కిందికి వచ్చింది. ఆమె నడిచిన దారిలో గడ్డి మీద అక్కడక్కడా రక్తపు చుక్కలు పడ్డాయి.

"పట్టుకోండి అయ్యగారూ," అంది, రాయిని ముందుకు చాపి. "ఆ రోజు కొండ మీంచి మీరూ నేనూ కలిసే మోశాం."

ఓస్వాల్ట్ చేతులు అంగీ ముడుతల్లో ఉన్నాయి. ఒక చెయ్యి కొంచెం పైకి వచ్చింది, మళ్ళీ ఆగింది. వెనక రూడి ఏదో అంటున్నాడు. గోడ దగ్గర బెండిక్ట్ రెండో రాయి మీద దెబ్బ వేశాడు. రాయి బరువుగా ఉంది. ఆమె దించలేదు.